నాలుగో ప్లగ్గు

మొగిలి ఘాటు ఎక్కేటప్పుడే తెలిసిపోయింది.
నాలుగు కాళ్ల గొడ్డు మూడు కాళ్ల మీద కుంటినట్టు
బండి ఒకటే దగ్గు.
వెనకాల తోతాపురి కాయలు ఒకదానికొకటి తలలు కొట్టుకుంటా ఉండాయి.
నూరుల్లా షెడ్డు కాడ ఆపితే
"ప్లగ్గులు, వైర్లు, కూలీ, అంతా కలిపి మూడు వేలన్నా" అన్నాడు.
కాయ కిలో ఆరు రూపాయలు పలికే కాలంలో.
సామాను మాత్రం కొనుక్కొని
బంగారుపాళెం ఇంటికొచ్చేసినా.

ఇంజను చల్లారాల.
వేడి మీద విప్పితే మర చెడిపోతాది.
సంగటిలోకి ఊరిబిండి నంజుకొని తిని
గడప మీద కూర్చున్నా.
"ఇంగా కాలేదా" అని మంజుల రెండు తూర్లు అడిగింది.
చెయ్యి పెట్టి చూసినా.
జొరం దిగిన బిడ్డ నుదురంత ఉండాది.
అప్పుడు లేపినా డ్రైవరు సీటు.

మా బండికి ఇంజను సీటు కింద.
ఆరేండ్లుగా దాని నెత్తిన కూర్చొని తోలడమే గానీ
మొగం చూసిన పాపాన పోలేదు.

మంజుల గోళ్లరంగు సీసా తెచ్చింది.
ఒకటో వైరుకు ఒక చుక్క, రెండో దానికి రెండు,
అట్లా నాలుగు దాకా.
"కలిపేసినావంటే తెల్లారేదాకా పంచాయితీనే" అనింది.

వైరు పట్టి లాగగూడదు.
టోపీ పట్టి, అటూ ఇటూ తిప్పి,
ఊగే పాలపన్ను పీకినట్టు పీకాల.
గుంతలో దుమ్ముంటే సైకిలు పంపుతో ఊదాల.

ఒకటోది ఇటుకరంగు. రెండోదీ అంతే.
మూడోదానికి కుంపటి మసి.
నాలుగోది లోపలి మూలకుండాది,
చెయ్యి దూరదు.
కణుపులు గీసుకుపోయినాయి.
పైకి తీసి టార్చి కింద పెడితే
తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత చీలిక.
నిప్పంతా ఆ సందులోంచే దొంగతనంగా పోతా ఉండింది.

అది తీసేటప్పుడే వేళ్లకు ఏందో తగిలింది,
ఇనపపట్టీకి ఆయిలుతో అతుక్కొని.
కాగితం.
ఊడదీసి, మడత విప్పినా.
పల్పు ఫ్యాక్టరీ తూకం చీటీ. పోయినేడు జూన్.
ఎనిమిది వందల తొంభై కిలోలు.
పేరు చెంగల్రాయులు.

"చీటీ నీ చేతికే ఇచ్చినా" అని
మండీ కాడ నలుగురి ముందర అరిచింది నేనే.
"ఇయ్యలేదబ్బా" అని
ఆయన ఒక్క మాటే అన్నాడు.
చీటీ లేనిదే పైసా రాదన్నారు ఫ్యాక్టరీలో.
ఆ కాడినుంచి ఆయన కాయలు వేరే బండిలో పోతాండాయి.
నేనూ అబద్ధమాడలేదు సామీ,
ఇచ్చినాననే నమ్మినా.
నమ్మి, ఏడాది పొడుగునా
దాని మీదే కూర్చొని బండి తోలినా.

టార్చి వెలుగు నా మొగం మీదికొచ్చి
ఒక్క రవ్వ నిలబడి
మళ్లా ఇంజను మీదికి పోయింది.
"ముందర ఇది బిగించు" అనింది మంజుల.

కొత్త ప్లగ్గు ముక్కు కాడ సందు చూడాల.
మరీ దగ్గరైతే నిప్పు నీరసం,
మరీ దూరమైతే దూకనే దూకదు.
నూరుల్లా ఇచ్చిన రేకు పెట్టి కొలిచినా.
రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి
వేళ్లతోనే మర పట్టించినా.
మర దానంతట అది పడాల, బలవంతం చేస్తే
ఇంజను తల మార్చాల్సొస్తాది.
చుక్కలు చూసుకుంటా వైర్లు తొడిగితే
టక్కు, టక్కు, టక్కు.
నాలుగోది మాత్రం మూడు తూర్లు నొక్కితే గానీ పలకలేదు.

తాళం తిప్పినా.
వూఁ వూఁ అని బతిమాలించుకొని అందుకునింది.
డాష్‌బోర్డు మీద చెంబులో నీళ్లు
సన్నగా వణికినాయి, చిందలేదు.

ఫ్యాక్టరీ క్యూలో ముందుండాలంటే మూడుకే పోవాల.
పోలేదు.
తెల్లారి ఐదుకు చెంగల్రాయులు గేటు కాడ నిలిపినా.
హారను కొట్టడానికి చెయ్యి రాలేదు,
ఇంజను ఆపడానికీ రాలేదు.
కాసేపటికి ఆయనే వచ్చినాడు,
నోట్లో యాపపుల్ల, భుజాన తువ్వాలు.
నా వైపు చూడలేదు.
బానెట్టు లేని నా బండి పక్కన వంగి
చెవి పెట్టి విని,
పుల్ల ఉమ్మి,
"ప్లగ్గులు మార్చినట్టుండావే" అన్నాడు.

చీటీ ఇంగా నా జేబులోనే ఉండాది.