నాలుగో బెల్టు

మీరు వస్తున్నారని నాకు ముందే తెలిసేది, దోన్ ఎలెవుతేరియో.
చేపల రేవు మలుపు తిరక్కముందే
చెవి కోసిన మేకలా మీ నిస్సాన్ అరుపు
వానలో తడుస్తూ గట్టెక్కి వచ్చేది.
చిలోయె దీవిలో వాన ఎప్పుడు లేదు గనక!
ఇక్కడ ఎండ కాసిన రోజునే
జనం ఆకాశం వంక అనుమానంగా చూస్తారు.

మొదటి బెల్టు వేసి నాలుగు నెలలు.
రెండోది అద్దంలా నున్నబడిందని తీసేశాను.
మూడోది అంచు చీలి
చిరిగిన గొడుగులా పోగులు వేలాడేసుకుని వచ్చింది.
నడుమ మీ సొంత వైద్యాలు వేరే.
సబ్బు ముక్క రుద్దారు,
చర్చి కొవ్వొత్తి అరగదీశారు,
బావమరిది చెప్పాడని డబ్బాలోది ఏదో కొట్టారు.
అరగంట ఊరట, ఆపైన మళ్ళీ అదే గోల.

తెల్లవారుజామున లైట్లు వేసి, వైపర్లు వేసి,
అద్దం మీది ఆవిరికి ఫ్యాను పెట్టగానే
బ్యాటరీ ఎర్రదీపం
నిద్రలో కన్ను తెరిచిన పిల్లిలా వెలిగి ఆరుతోందన్నారు.
స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుంటోందన్నారు.
బంగాళాదుంపల మూటలు దించబోతూ
గోడకి గుద్దినంత పనైందట.
నేను విన్నాను, తల ఊపాను.
అరుస్తున్నది బెల్టు కాబట్టి
బెల్టునే మార్చాను.
ఏడ్చేవాడిదే తప్పనుకోవడం
మా వృత్తిలో తేలిక.

నాలుగోసారి కొత్త బెల్టు పెట్టె తెరవలేదు.
మా అమ్మాయి మార్సెలినా స్కూలు సంచిలోంచి
తప్పులు దిద్దుకునే తెల్లరంగు తీసి
క్రాంక్ పుల్లీ మీద, నడిబొడ్డు నుంచి అంచు దాకా
ఒక్క గీత గీశాను.
నెర్కోన్ దాకా పోయి రమ్మన్నాను.
బోటు టైమైందని విసుక్కున్నారు,
అయినా వెళ్ళారు.

తిరిగొచ్చాక టార్చి వేసి చూస్తే
గీత రెండు ముక్కలు.
లోపలి సగం ఆరు గంటల దగ్గర,
బయటి సగం తొమ్మిది దాటి.

మోకాళ్ళ నొప్పన్నా వినకుండా
మిమ్మల్నీ వంగి చూడమన్నాను.
ఒకే చక్రంలా కనిపించే ఇది
రెండు ఇనుప వలయాలని,
నడుమ వేలెడు కూడా లేని రబ్బరని,
ఇంజను వణుకును మింగడమే దాని పనని చెప్పాను.
ఇరవై ఎనిమిదేళ్ళు మింగింది.
ఎండి, బీటలు వారి, పట్టు వదిలేసింది.
లోపలిది తిరుగుతుంటే బయటిది జారుతూ
బియ్యపుగింజ మందం పక్కకి జరిగింది.
ఆ వంకర దారిలో పరిగెత్తమంటే
ఏ బెల్టు నోరు మూసుకుంటుంది?

మూడు బెల్టుల డబ్బు మీ జేబులో పెట్టాను.
మర్యాదకైనా వద్దంటారేమోనని చూశాను,
మీరు లెక్కపెట్టుకున్నారు.
మంచిదే.

ఆ బోల్టు ఊడిరావడానికి గంటంబావు.
పొడవాటి పైపు తగిలించి నేనూ మార్సెలినా వేలాడితే
టప్పున వదిలింది, ఇద్దరం నేలమీద.
ప్వెర్తో మోంత్ నుంచి తెప్పించిన పుల్లీ,
నాలుగో బెల్టు.
బొటనవేలితో నొక్కితే దిగాల్సినంతే దిగింది.

తాళం తిప్పారు.
చప్పుడే లేదు.
ఇంజను అంటుకోలేదనుకుని మళ్ళీ తిప్పబోతే
మీ చెయ్యి పట్టుకుని ఆపాను.

సాయంత్రం మీ ఆవిడ ఒతిలియా ఫోను:
"పిల్లిలా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, గుండె ఆగినంత పనైంది.
ఇన్నాళ్ళూ ఆ అరుపు వినే పొయ్యి మీద కెటిల్ పెట్టేదాన్ని.
ఇప్పుడు చెప్పు, నీళ్ళెప్పుడు పెట్టాలి?"

నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున్నే మీరు మళ్ళీ,
తలుపు కొట్టేదాకా నాకు తెలియనేలేదు.
"ఏదో గొణుగుడు... వాటర్ పంపు వైపు నుంచి.
ఇంతకాలం ఆ అరుపు కింద ఉండేదేమో."

ఇంజను ఆపమన్నాను.
బెల్టు వదులు చేసి
పంపు పుల్లీని రెండు వేళ్ళతో పట్టుకుని
అటూ ఇటూ ఆడించాను.

ఆడింది.