నారో గేజ్, బ్రాడ్ గేజ్

కాశీనగర్ నుంచి వచ్చింది రుక్మావతి టీచరు
పర్లాకిమిడిలో నా కొట్టుకి,
బియ్యం సంచిలో వాళ్ళ నాన్నని వేసుకుని.

బల్ల మీద గుమ్మరించింది.
బూజు పట్టిన క్యాసెట్టు ఒకటి,
పురుగు కొరికిన ఫోటోలు పదమూడు,
కవరు మీద ఒడియా అక్షరాలున్న చెల్లి పెళ్ళి సీడీ,
తమ్ముడి ఫోనులోంచి ఊడదీసిన చిప్పు, గోరంతది.
"అన్నీ కలిపి ఒక్క డీవీడీ చేసీ బాబూ.
అమ్మకి ఫోనులో చూడ్డం రాదు."

దాలయ్య, గేట్‌మన్.
చిన్న రైలుకి ఇరవై ఆరేళ్ళు
గేటు వేసినవాడు, తీసినవాడు.

దూదీ స్పిరిటూ పెట్టి
రీలుని మూరలు మూరలుగా తుడిచాను.
బొమ్మ వచ్చింది, వణుక్కుంటూ, ఇంచుమించు చదరంగా.
ఫోనుదేమో వెడల్పు. కొన్ని నిలువుగా, తాటిచెట్టంత.
ఒకే తెరలో ఇమడవు.
చదరాన్ని సాగదీస్తే అందరికీ బుగ్గలు వాస్తాయి.
కత్తిరిస్తే తలలు పోతాయి, లేదంటే కాళ్ళు.

మా ఊళ్ళకి ఈ తగువు కొత్త కాదు.
నౌపడా నుంచి రెండున్నర అడుగుల పట్టాల మీద
ఊగుతూ వచ్చే బండిని ఆపేసి
ఏడేళ్ళు పీకి, తవ్వి, వెడల్పు చేశారు.
కిటికీలోంచి చెయ్యి చాపి
కంచె మీది సీతాఫలం కోసుకున్నవాళ్ళు
ఇప్పుడు ఒళ్ళో చేతులు పెట్టుకుని పోతున్నారు.

నేను సాగదీయలేదు.
అటొక నల్లపట్టీ, ఇటొక నల్లపట్టీ వదిలాను.

ఇంతకీ దాలయ్య ఎక్కడ?
క్యాసెట్టులో, కొడుకు అన్నప్రాసన నాడు
బంతి చివర విస్తరి ముందు కూర్చుంటాడు.
దూరంగా కూత. లేచిపోతాడు.
కలిపిన అన్నం మీద ఈగ వాలుతుంది,
కెమెరా ఎందుకో దాన్నే చూస్తూ ఉంటుంది.
పదమూడు ఫోటోల్లో రెండింట భుజం, ఒకదాంట్లో నీడ.
పెళ్ళి సీడీలో కన్యాదానం పెదనాన్న చేతుల మీదుగా.
ఒడియా పంతులు మంత్రాల వెనకనుంచి ఒక్క గొంతు మాత్రం:
"ఏడు పదికి బండుంది, నే వెళ్తన్నా."
చిప్పులో లేడు. అప్పటికి లేడు.
కప్పు కూలిన గేటు గది, దాని చుట్టూ పరిగెత్తే మనవడు.

తేదీల వారీగా పేర్చమంటే కంప్యూటరు
భోజనాలని తాళికి ముందు పెట్టింది.
ఆ పెళ్ళి కెమెరాకి ఎవరూ గడియారం సరిచేయలేదు.
దాని లెక్కన అన్నీ ఒకే జనవరి ఒకటి అర్ధరాత్రి.
కూల్‌డ్రింకుల టబ్బులో ఐసు చూసి వరస కట్టాను,
గడ్డ ఉంటే ముందు, నీళ్ళయితే తర్వాత.

వెనకాల పాట వెయ్యనా అంటే
"పాటొద్దు. కూతలుంటే ఉంచు" అంది.
నాలుగు దొరికాయి.
ఒకటి కుక్కరుది. దాన్నీ ఉంచాను.

తొంభై ఎనిమిది శాతం దగ్గర కరెంటు పోయింది.
రెండో డిస్కు నిలబడింది.

వాళ్ళమ్మ మూడుసార్లు చూసిందట.
మూడుసార్లూ విస్తరి దగ్గర ఆపమందట.
"ఆ పూట పెరుగు కూడా వేసుకోలేదు"
అని మాత్రం అందట, ఇంకేమీ అనలేదట.

పాడైన డిస్కుని మా ఆవిడ
పెరట్లో వంగమడి మీద దారం కట్టి వేలాడదీసింది,
పిట్టలు రాకుండా.
ఏ ప్లేయరూ చదవని దాలయ్య
నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు అక్కడున్నాడు.
సాయంత్రం గుణుపురం బండి కూసేవేళకి
ఏటవాలు ఎండ తగిలి
తిరుగుతుంది అది.
ఎరుపు. పసుపు.
మళ్ళీ ఎరుపు.
బండి దగ్గరయ్యేసరికి, గాలి కాస్త ఆగితే,
పచ్చ.