కండిషన్ రిపోర్టు

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
బయట నలభై ఏడు. లోపల ఇరవై ఒకటి.
ఈ చల్లదనం మా కోసం కాదు,
బల్ల మీది కూజా కోసం.

జానెడున్నర పొడుగు. ఇటలీది.
రేపు ఓడెక్కి మస్కట్ పోతది,
అమ్మకమో, పెండ్లి కానుకనో మాకు చెప్పరు.
కాయిదం మీద ఉన్నది: పద్దెనిమిదో శతాబ్దం,
పింగాణి, చేతితో వేసిన పూలు.
వేసినోని పేరు కాడ ఉత్త గీత.
నాకు ఆ గీత కొత్త కాదు.
నిర్మల్‌ల మా నాయిన లింబాద్రి వేసిన పళ్లాలు
ఎన్ని ఊర్ల గోడలెక్కినయో,
తిప్పి చూస్తే వెనుక దుకాణం పేరే.

మెడ పట్టద్దు, చెవులు పట్టద్దు,
అడుగున ఒక చెయ్యి, నడుముకు ఒక చెయ్యి,
పసిపిల్లకు నీళ్లు పోసినట్టు
అని నేర్పినోడు గుల్‌జమాన్.
తన పిల్లను తాను ఎత్తుకోక ఆయనకు నాలుగేండ్లు.

తెల్ల గ్లౌజులు తొడుక్కొని పూలు చూస్తున్న.
గులాబి ఒకటి. పేరు తెల్వని నీలిపువ్వు ఒకటి.
ముద్దబంతి అసుంటిది ఇంకొకటి, కాదేమో.
పువ్వు పేరు తెల్వకున్నా కుంచె తెలుస్తది.
రెక్క మొదట్ల ఒత్తి,
కొసకు ఊపిరి బిగబట్టి లేపిండు.
ఆకులు మాత్రం వేరేటోని చెయ్యి.
తొందర చెయ్యి. పొద్దుగూకుతుండెనేమో,
ఆకుకింత అని కూలి ఉండెనేమో.
మా ఇంట్ల ఆకులు నావి, పూలు నాయినవి.
పదకొండేండ్లు ఆకులే వేసిన.
పువ్వు దాక రాకముందే వీసా వచ్చింది.

ఇంకో కాయిదం నింపాలె:
పగులు, పెచ్చు, మచ్చ,
ఏది ఎక్కడ, ఎన్ని మిల్లీమీటర్లు.
టార్చి పట్టి చుట్టూ తిప్పుతుంటే
అడుగుకు దగ్గర, ఒక కాడకు ఇవతల, ఎర్ర పురుగు.
ఆరుద్ర పురుగంత కూడా లేదు, ఆవగింజంత.
ఇన్ని పూలు పెట్టుకొని
ఉత్త తెలుపు మీద దీనికేం పని?

టార్చి పక్కకు వాల్చిన.
పురుగు కడుపుల, రంగు కింద,
సూదిమొనంత గుంట.
బట్టీల పుట్టిన మచ్చ.

నవ్వొచ్చింది.
పొనికి కట్టెల ముడి తగిలితే నాయిన తిట్టకపోతుండె.
చింతగింజ లప్పం పెట్టి, ఆరినంక,
దాని మీద ఒక పిట్టను కూసోబెడుతుండె.
కొన్నోళ్లు ఆ పిట్టనే మెచ్చుకుంటుండ్రి.

మొన్న మా రూముల గంగమోహన్‌కు
ఎక్స్‌రేల మచ్చ కనబడ్డది.
ఎప్పటిదో, చిన్నప్పటి దగ్గుది, మానిపోయినది.
అన్‌ఫిట్ అన్నరు. వారం తిరగకముందే ఫ్లైటు.
సగం ఉన్న బియ్యం డబ్బా నాకిచ్చి పోయిండు.
ఆ ఫిలిం మీద ఒక పురుగును వేసే కుంచె
ఎవ్వరి దగ్గర లేకపాయె.

కాయిదంల రాసిన:
పగుళ్లు లేవు. పెచ్చులు లేవు. మచ్చలు లేవు.
పురుగు ఒకటి, బొమ్మలోనిదే.
సంతకం కాడ నా పేరు పట్టలేదు,
సగం రాసి విడిచిపెట్టిన.

మెత్తటి కాయిదం మూడు చుట్లు, నురుగు దిమ్మెలు,
కట్టె పెట్టె, పన్నెండు స్క్రూలు.
పన్నెండోది బిగిస్తుంటే మూత పలకల ఒక ముడి,
రూపాయి బిళ్లంత.
జేబుల ఎర్ర మార్కర్ ఉండె.
చెయ్యి మరిచిపోయిందనుకున్న. మరువలే.
ఆరు కాళ్లు, రెండు మీసాలు.

గుల్‌జమాన్ వచ్చిండు.
పెట్టె మీది ముద్రను వేలితో చూపిండు,
వేడి పెట్టిన కట్టె, పురుగు లేదు అని చెప్పే ముద్ర.
మరి దాని పక్కన ఇదేంది భాయ్, అన్నడు.
అని, మూతను తన దిక్కు తిప్పుకొని,
క్లిప్‌బోర్డు చంకల పెట్టి,
ఇంకా కొద్దిసేపు చూసుకుంట నిలబడ్డడు.