ఏ పూట లెవెల్

ముందు రెండించులు లేపిచ్చిన.
కొన్నప్పటి సంది ముక్కు కిందికేసే ఉండె బండి,
ఎవలకో అప్పు పడ్డట్టు.
ఇప్పుడు రాణిగంజ్ సందుల, గౌస్ మియా దుకాణం ముంగట
సక్కగ నిలబడ్డది.
గని చక్రాలు చిన్నగ కొడ్తున్నయ్,
అన్న లాగు తొడుక్కున్న పిలగాని కాళ్ల లెక్క.

మా చెల్లె కొడుకు శ్రీకర్ ఫోన్ల బొమ్మ జూపిండు:
రెండువందల ఎనభై ఐదు టైరు,
మైనస్ పన్నెండు ఆఫ్‌సెట్టు,
మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన నల్ల రిమ్ములు.
"గిట్లుండాలె పెద్దమ్మా,
మనమొస్తుంటే రోడ్డే పక్కకు జరగాలె."

గౌస్ మియా ఫోను దిక్కు సూడలే.
ఎనక తొట్టిల చెయ్యి వెట్టి తడి జూసిండు.
"ఐసా?"
ఐసే. కాటేదాన్ల తెల్లారుజామున నాలుగింటికి నింపుత,
ముషీరాబాద్ చేపల మార్కెట్ల సగం దించుత,
మిగిలింది మదీనా కాడ షర్బతు బండ్లకు.
"మరి సగం నీళ్లకు పైసలెవరిస్తరు అండాలమ్మా?"
ఎవరియ్యరు. రోడ్డు తాగుతది.

చాయ్ సాసరు నిలువుగ పట్టి జెప్పిండు:
రిమ్ము నడుమ ఒక గీత అనుకో,
బోల్టులు కరుసుకునే ముఖం ఇంకోటి.
ఈ రెంటి నడుమ దూరమే ఆఫ్‌సెట్టు.
ప్లస్సంటే చక్రం ఇంట్ల ఉంటది,
మైనస్సంటే అరుగు మీద కూసుంటది.
"బిందె సంకల వెట్టుకుంటే ఒక బరువు,
చెయ్యి చాపి పట్టుకుంటే ఇంకో బరువు.
బిందె అదే గద. భుజాన్ని అడుగు.
బేరింగుది గూడ గదే బాధ."

అయినా శ్రీకర్ మొఖం జూసి
ఆ పెద్ద టైరే ఒకటి బిగించిండు,
అంచుకు సుద్దముక్క రాసిండు.
"ఎడమకు మొత్తం తిప్పు."
తిప్పిన.
గర్రుమన్నది.
వంగి జూస్తే లోపలి ప్లాస్టిక్ మీద తెల్లటి గీత.
"కోసేద్దాం, గంతే కద," అన్నడు పిలగాడు.
"కోస్తం బేటా. ఇయ్యాల ప్లాస్టిక్, రేపు రేకు.
ఎల్లుండి ఏం కోస్తవ్?"

అప్పుడు నేను నోరిప్పిన,
ఎవరూ అడగనిదాన్ని చెప్పిన.
నలభై గడ్డలు ఎక్కినంక ఎనక కుంగుతది మియా,
ముక్కు ఆకాశానికి లేస్తది,
చాంద్రాయణగుట్ట కాడ ఎదురొచ్చేటోళ్ల కండ్లల్ల
నా లైట్లు సూదులు గుచ్చుతయ్. తిట్లు నాకు వినబడ్తయ్.
గడ్డ దిగినకొద్దీ, కరిగినకొద్దీ
కొంచెం కొంచెం నేలకొస్తది.
పదకొండింటికి, ఖాళీ తొట్టిల కెల్లి
చుక్క చుక్క కారుతుంటే
అప్పుడు లెవెల్, నీటిమట్టం వెట్టి జూసినట్టు.
అప్పటికి సూసేటోడెవడూ ఉండడు.
ఏ పూట లెవెలు చూసి టైరు కొనాలె నేను?

గౌస్ మియా సాసర్ల చాయ్ పోసుకున్నడు.
జవాబు చెప్పలే.
లోపలికి పోయి రెండువందల అరవై ఐదు టైర్లు దొర్లించుకుంట వచ్చిండు,
ప్లస్ ఇరవై రిమ్ములు, బూడిద రంగువి,
పెళ్లిల కట్టే చీర గాదు, రోజూ కట్టేది.
లైట్ల మరలు రెండు సుట్లు కిందికి తిప్పిండు.
"మీటరు అరవై అంటే నువ్వు అరవై రెండు అనుకో.
వానల పక్క స్కూటరోని మీద బురద కొట్టవు."
పైసల కాడ అరగంట కొట్లాడినం. అది వేరే ముచ్చట.

తెల్లారి ముషీరాబాద్ల, చేపల గంపల నడుమ,
ఆ ఇరుకు మలుపుల స్టీరింగు మొత్తం తిప్పి
అద్దం దించి, చెవి వెట్టిన.
గంపలోళ్ల కేకలు.
ఐసు పగలేసే సుత్తె.
టైరు మాత్రం నోరు మెదపలే.

పక్క సీట్ల కూసున్న శ్రీకర్ దిగి
మడ్‌గార్డుకు, టైరుకు వేలు అడ్డం వెట్టి కొలిచిండు.
"ఒక్క వేలు బయటికొచ్చింది పెద్దమ్మా."
చాల్తియ్. ఎక్కు.
గడ్డ కరుగుతున్నది.