మచ్చరాయి

మాబుహుసేను ఓడలో వంటమనిషి.
మూడేండ్లకొకసారి ఎర్రగుంట్లకొస్తాడు,
గని గట్టున నా ఎదురుగా గొంతుకూచోని
బీడీ ముట్టించి, చెప్పిందే చెప్తాడు:

"ఇంజను చెడిపోయి రెండు దినాలు నిలబెట్టినాం అబ్బయా,
పటంలో ఈగ రెట్టంత దీవి.
చెట్టనేది లేదు. మనుషులు ముగ్గురో నలుగురో,
గాలి లెక్కలు రాసుకునేవాళ్లు.
జనవరి నెల. వాళ్లకది ఎండాకాలమంట!
రెండు స్వెట్టర్లేసుకున్యా
నా పండ్లు టకటకా కొట్టుకుంటాండె.

ఒడ్డున ఇసుక లేదు, అంతా నల్లటి గుండ్రాళ్లే.
అల వెనక్కి పోతాంటే
చాటలో శెనక్కాయలు చెరిగిన సద్దు.
మీసాలుండే ఎనుముల మాదిరి
ఏందో జంతువులు రాళ్ల నడుమ పండుకోని ఉండాయి.
ఒకటి తల లేపి చూసింది.
అరవలేదు, జరగలేదు, మళ్లీ పండుకునింది.
నన్ను అంత నెమ్మదిగా
ఎవరూ చూడలేదురా ఈ బతుకులో."

నేను నవ్వుతా.
సముద్రం చూసినోణ్ణి కాదు.
ప్రొద్దుటూరు వంతెన కింద పెన్నలో నీళ్లు పారితే
దానికే టెంకాయ కొట్టినోణ్ణి.

ఈసారి జేబులోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టినాడు.
కోడిగుడ్డంత. మే నెల ఎండకు
అదీ మన రాయి మాదిరే కాలుతాంది.
"దీనికి పాలిష్ ఎవరు పట్టినార్రా?"
"నీళ్లు. కూలి అడక్కుండా."

ఆ పొద్దే దిగువన కొత్త పొర లేపినాం.
గడ్డపార కొసకు పలక విడిపోతానే
అడుగున గీతలు, వంకర వంకరగా,
ఒకదాన్నొకటి తోసుకుంటా.
ఇట్లాంటివి వెయ్యి చూసినా.
మేస్త్రి లెక్కలో ఇది మచ్చరాయి, సగం ధర.
మా కుళ్లాయమ్మ ఒకసారి చెప్పింది,
"ఇది నీళ్లు నడిచిన జాడ నాయనా,
ఎప్పుడో ఈడ సముద్రముండెనంట, సారు చెప్పినాడు."
నేను వినలేదు. వారం కూలి లెక్క చూసుకుంటాంటి.

చెప్పులు విడిచినా.
గీత మీంచి గీత మీదికి అడుగేసుకుంటా పోయినా.
మడమకు మిట్ట, మునివేళ్లకు పల్లం.
తడి లేదు గానీ
అరికాలికి అల తెలుస్తాంది.

"ఏం చేస్తాండావురా గుంతలో?"
పైనుంచి మాబు కేక.
"దిగినా" అన్నా.
ట్రాక్టరు మోతలో వానికి వినపడలేదు.

ఆ పలక పక్కన పెట్టమన్నా.
ఎందుకన్నాడు మేస్త్రి.
ఏం చెప్పాలో తెలీక
కోళ్లగూటికన్నా.