ఇరవై రెండో తలుపు

ఎల్డువిక్‌లో ఏ ఇంటికీ తాళం లేదు.
గాలికి తలుపు కొట్టుకోకుండా
ఓ తాడు ముక్క, అంతే.

సున్నేవా వంటింటి అలమరలో
ఎండు గొర్రెమాంసం పక్కన
గోరంత ఆకుపచ్చ దీపం.
కొండమీది మందని
పడవలో ఉన్న తమ్ముడు హొగ్ని చూసుకోవాలని
లోకానికి తెరిచిపెట్టిన సర్వర్.

ఈ రాత్రే మొదటిసారి లాగ్ చదివింది.
రూట్. అడ్మిన్. టెస్ట్. మళ్ళీ రూట్.
నిమిషానికి పదకొండుసార్లు
ఎవరివో తెలియని వేళ్ళు
ఇరవై రెండో నంబరు తలుపు మీద.
కోపం లేదు వాటికి, అలుపూ లేదు.
వానకి మనమీద పగేమిటి,
చూరులో చిల్లుంటే కారుతుంది.

మూడింటికి ఒకటి
సున్నేవా అని పిలిచింది.

కాఫీ అలాగే చల్లారిపోయింది.

పాస్‌వర్డ్‌ని కొట్టేసింది
(కుక్క పేరది, ఊరంతా ఎరిగిందే).
మూడుసార్లు తప్పితే వెలి, అని రాసింది.
పొడుగాటి తాళంచెవి ఒకటి పుట్టించింది,
నోటితో చెప్పలేనిది, తనకే గుర్తుండనిది.

తెల్లారి పడవ వచ్చే వేళకి
ఉన్ని చేతితొడుగులో పెన్‌డ్రైవ్ దాచుకుని
రేవుకి దిగింది.

ఆమె వెనక ఇంటి తలుపు
తాడు విప్పుకుని
ఊగుతూ ఉంది.