ఇత్తడి గింజలు

రాసల్ ఖైమా షూటింగ్ క్లబ్బుల
నా పని ఊడ్చుడు.
కాల్చెటోళ్లు పోయినంక ఖాళీ తూటాలేరి
సైజుకో బకీటుల పోస్త.

ఇరవై రెండు మూతి కందిగింజంత.
ముప్పై ఎనిమిది సెనగగింజ.
నలభై నాలుగైతే చింతగింజ.
ముప్పై ఎనిమిదికీ, మూడొందల యాభై ఏడుకూ
లావు ఒక్కటే,
పొడుగుల సగం బియ్యపుగింజ తేడా.
కండ్లు మూసుకొని చెప్త ఏది ఏదో.

శుక్రవారం అద్దం అవుతల ఒకటే వాదన:
ఇంట్ల దొంగ పడితే ఏది మంచిది?
"చిన్నది చాలు, చెయ్యి ఎగరది" అంటడు
గడియారాల షాపు నజీబ్ సేఠు.
"పెద్దది ఒక్కటి తగిలితే మళ్ల లేవడు" అంటడు అల్లుడు.
"మొదలు తగలాలె గద!"
నూనెగుడ్డతోని గొట్టం తుడుసుకుంట
కోచ్ గుల్‌జమాన్ నవ్వుతడు.

ఒకనాడు సేఠు నన్నే అడిగిండు:
నువ్వైతే ఏది ఉంచుకుంటవు, మొండయ్యా?

ఒక్క రూముల ఎనిమిది మందిమి.
పాసుపోర్టు ఆఫీసు బీరువల,
ఏలిముద్ర ఏసిన అరబ్బీ కాయితం ఆడనే.
దొంగొస్తే వాడే ఏమన్న ఇచ్చిపోవాలె.
"చీపిరి చాలు సేఠూ" అన్న.

నిన్న బస్సెక్కినంక చూస్తే
బూటు అడుగున ఇరికి వచ్చింది ఒకటి,
ముప్పై ఎనిమిది.
లెక్క తప్పితే నౌకరి పోతది.
దడదడ.
ఏం తోచక పెదవికి ఆనించి ఊదిన.

ఈల!
మక్కచేన్ల పందులను కొట్టే ఈల.
వెనక సీట్ల కునికే బంగ్లా అన్న
ఉలిక్కిపడి లేచిండు,
డ్రైవర్ బ్రేకేసిండు.

పొడుగుదైతే
ఇంకింత బొంగురుగ మోగుతదేమో.
రేపు బకీటుల పోసే ముందు చూడాలె.